గురిగిలో చేప

“కమలాకరన్నా, ఉత్త నీళ్లకు లైటు పెట్టినవా?”

టిఫిన్ తినడానికి వచ్చిన లారీ డ్రైవరు పెద్దులు అద్దాల తొట్టిని చూసి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

కమలాకర్‌కు తల కొట్టేసినట్టయింది.

నార్కట్‌పల్లి రోడ్డు మీద అతని హోటలు. గిరాకీ కాసేపు కూర్చుంటుందని ముచ్చటపడి ఆ చేపల తొట్టి పెట్టించాడు.

“కొత్త తొట్టి అన్నా, ముందుగాల ఒక్కటే ఎయ్యి. ఇది నిలదొక్కుకున్నంక రంగురంగులయి ఇస్త,” అంటూ నల్లగొండలో చేపల దుకాణం నడిపే ఫైసల్ ఒక నల్లటి మీసాల చేపను ఇచ్చాడు.

అడుగున తిరిగే రకమట. తిరిగితే కదా! వచ్చిన రోజు నుంచీ మూలనున్న రాయి వెనక దూరి బయటికి రావడం లేదు. వేసిన మేత వేసినట్టే ఉంటోంది.

“ఆదివారం దాకా సూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే చెరువుల ఇడుస్త,” అన్నాడు భార్య సుహాసినితో.

“చెరువుల కొంగలుంటయి.”

“ఉంటే ఉండనీ.”

“చేప ఉన్నది బిడ్డా. ఆ రాయెన్క మీసాలు కదుల్తలేవా?”

ఆ మాట కింద నుంచి వినిపించింది. ఒక ముసలాయన తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. నడుము వంగిపోయి, ముఖం సరిగ్గా తొట్టి అడుగుకు సమానంగా ఉంది. మర్రిగూడ వైపు మనిషని చూస్తేనే తెలుస్తుంది. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగిన ఎముకలు దాచినా దాగవు.

“మాకెవ్వరికి కనవడలే. నీకెట్ల కనవడ్డది తాతా?”

“మీరు మీద సూస్తున్నరు. నా మెడ లేవదు గదా, నేను కిందనే సూస్త,” అని నవ్వాడు.

పేరు దశరథం. దవాఖానకు వచ్చాడట. చాయ్ తాగి తొట్టి ముందే కూలబడ్డాడు.

“లైటు బంజెయ్యి బిడ్డా, దానికి ఎల్తురు పడదు. కంకర సూదులెక్క ఉన్నది, మీసాలు తెగుతయి. ఇసుక పొయ్యి. మేత పొద్దుగూకినంక ఎయ్యి. ఎవ్వరు సూడకుంటే తింటది.”

కమలాకర్ అన్నిటికీ తలూపాడు.

“నీళ్లేం నీళ్లు?”

“ఫిల్టర్ నీళ్లే. మేం తాగేటియే పోసిన,” అన్నాడు గొప్పగా.

ఆ ప్రాంతంలో ఎవరి మీదైనా ప్రేమ ఉంటే క్యాన్ నీళ్లు పోస్తారు. చేపకైనా అంతే.

“అందుకే గట్ల పడి ఉన్నది. ఆ నీళ్లల్ల సారం ఉండదు. జర బోరు నీళ్లు కలుపు.”

కమలాకర్‌కు ఒళ్లు మండింది.

“బోరు నీళ్లా? మా అమ్మ నడుము వంచినయి గా నీళ్లు! నీ ఒళ్లు సూస్కోని కూడ గట్లంటవా?”

హోటల్లో అందరూ తినడం ఆపారు.

“మనకు ఇసమే బిడ్డా,” అన్నాడు దశరథం మెల్లగా. “అది ఆటిల్నే పెరిగింది.”

“నీకెట్ల ఎరుక?”

ముసలాయన తొట్టి అద్దాన్ని తువ్వాలుతో తుడవసాగాడు.

“చాయ్ తాగినవ్ గదా, ఇగ లే తాతా. గిరాకీ ఆగుతాంది.”

నేల పట్టుకుని, బల్ల పట్టుకుని, ఆయన లేవడానికి చాలా సేపు పట్టింది. ఎవరూ చెయ్యందించలేదు. కమలాకరూ అందించలేదు.

మర్నాడు హోటలు తెరిచేసరికి గడప దగ్గర ఒక సీసాలో నీళ్లు, పక్కనే అంచు పగిలిన పాత మట్టి గురిగి, పిడికిలి పట్టేంత చిన్న కుండ, ఉన్నాయి. నడుము వంగిన మనిషి మొదటి బస్సుకు వచ్చి పెట్టిపోయాడని పక్క పాన్‌డబ్బా వాళ్లు చెప్పారు.

“పారెయ్యి,” అన్నాడు కమలాకర్.

సుహాసిని పారెయ్యలేదు. లైటు తీసేసింది. కంకర తీసి మెత్తటి ఇసుక పోసింది. పూటకిన్ని ఆ సీసా నీళ్లు కలిపింది. శనివారం పొద్దున గురిగిని కడిగి, అడుగున పక్కకు వాల్చి పెట్టింది.

రాయి వెనక నుంచి చేప బయటికి వచ్చింది.

అటూ ఇటూ తచ్చాడలేదు. తిన్నగా వెళ్లి గురిగిలో దూరింది. లోపలే వెనక్కి తిరిగి, మీసాలు మాత్రం బయట పెట్టి పడుకుంది. ఆ సాయంత్రం మేత తింది.

కమలాకర్ ఉరికొచ్చి నేల మీద బోర్లా పడుకుని చూశాడు. తొట్టి అడుగును అలా చూడటం అతనికి అదే మొదటిసారి. సంతోషమైంది. ఆ వెనకే, లేవలేక లేచిన ముసలాయన గుర్తొచ్చి సిగ్గేసింది.

అప్పటి నుంచి మర్రిగూడ బస్సు ఆగితే చాలు, చేతిలో చాయ్ గిలాసతోనే వాకిట్లోకి వచ్చి చూసేవాడు. ఆ మనిషి దిగలేదు.

మేత అయిపోయి నల్లగొండ వెళ్లినప్పుడు ఫైసల్‌కు జరిగిందంతా చెప్పాడు.

“చేపల సంగతి గంత తెలిసినోడు నీ దుకాణంకు రాకుంట ఉంటడా? దశరథం అట. కనవడితే నాకు ఫోన్ చెయ్యి తమ్మీ, కాళ్లు మొక్కి తీస్కపోత.”

ఫైసల్ చేతిలోని మేత పొట్లం కింద పెట్టేశాడు.

“ఇగ రాడన్నా. మొన్ననే మట్టి చేసిన్రట. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. సావుకు దగ్గరపడ్డోని ఇంటి చేపంటే ఎవ్వరు గడప తొక్కనియ్యరని ఆయన భయం.”

“ఏ చేప?”

“నీ మీసాల చేపనే. వాళ్లింటి నీళ్ల గోలెంల పెరిగింది, గా గురిగిల్నే పండుకునేది. ఇంట్ల ఉన్నది ఇద్దరే అన్నా, ఆయన, అది. తను పోయినంక దాన్ని ఎవలు సాదుతరని, పానముండంగనే దానికి ఇల్లు ఎతుక్కుంట నా దుకాణంకు తెచ్చిండు.”