అక్క సర్టిఫికెట్

అగ్గిపుల్ల కొసకి కాటుక అద్ది, సిద్దికా తన ఎడమ మణికట్టు మీద చిన్న చుక్క పెట్టుకుంది.

ఆరనిచ్చింది. దాని మీద ఇంకోటి పెట్టింది.

కనబడుతోందా అని మొగుణ్ణి అడిగింది. అస్లాం దగ్గరికొచ్చి చూసి, పుట్టుమచ్చలాగే ఉందన్నాడు.

ఆ మచ్చ సిద్దికా వాళ్ళక్క నజీరాది. పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తుల దగ్గర రాసి ఉంది.

పది పాసైన రెండేళ్ళకే నజీరా కామెర్లతో పోయింది. సిద్దికా చదువు ఎనిమిదితో ఆగింది.

ఆమె పెళ్ళై ఈ ఊరొచ్చిన నెలకే అంగన్‌వాడీ టీచరు పోస్టు పడింది. ఊళ్ళో పది పాసైన ఆడమనిషి లేదు. అప్పటికింకా అందరూ ఆమెని అస్లాం పెళ్ళాం అనే పిలుస్తున్నారు, అసలు పేరు ఎవరికీ తెలీదు. అక్క సర్టిఫికెట్ పెట్టెలో ఊరికే పడుంది కదా అన్నాడు అస్లాం.

అప్పట్నుంచి ఆమె నజీరా టీచర్. పదకొండేళ్ళు.

మిరపకోతలకి పోయే తల్లులు తెల్లారేసరికే పిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి పోతారు. రెక్క పట్టుకుని చూసి, ఏ పిల్ల చిక్కిందో ఆమె చెప్పేస్తుంది. తర్వాత కాటాలో వేస్తే అదే నిజమవుతుంది.

రెండువేల నాలుగు మార్చిలో కబురొచ్చింది. ఎక్కడో దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయట. టీచర్లందరూ టౌన్లో ప్రాజెక్టు ఆఫీసుకి ఒరిజినల్స్ తేవాలి. ఒంటి మీద గుర్తులు కూడా చూస్తారు.

వరండాలో నలభై మంది ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. గుంటూరు నుంచి వచ్చిన ఆఫీసరు సంజీవరావు లోపల బల్ల దగ్గర కూర్చుని, ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. కాగితం చదువుతున్నాడు. మెడ మీదన్న చోట మెడ, చేతి మీదన్న చోట చెయ్యి చూస్తున్నాడు.

ఎండ మండిపోతోంది. ఎదురుగా ఆరబోసిన మిరపకాయల ఘాటుకి అందరూ తుమ్ముతున్నారు.

సిద్దికా ఎడమచెయ్యి చీరకి తగలనివ్వకుండా పట్టుకుంది. చెమట మోచేతి నుంచి కిందికి జారుతోంది. ముందు ఆరుగురున్నారు.

తర్వాత అయిదుగురు.

ఆమె ముందున్న కోటిరత్నం వేరే మండలం మనిషి. ఏడాదిన్నర మనవరాలిని భుజాన వేసుకుని వచ్చింది. రాత్రి నుంచీ జ్వరమట. కూతురు కోతకి పోతే ఇంట్లో చూసేవాళ్ళు లేరట.

ఉన్నట్టుండి ఆ పిల్ల కర్రలా బిగుసుకుంది. కళ్ళు తేలేసింది. నోట్లోంచి నురగ వచ్చింది.

కోటిరత్నం కేక పెట్టి కూలబడింది. వరస చెదిరిపోయింది. ఎవరో చెంచా తెచ్చి పళ్ళ మధ్య పెట్టబోయారు. సంజీవరావే లేచొచ్చి, జేబులోంచి తాళాలగుత్తి తీసి పిల్ల చేతిలో పెట్టబోయాడు.

సిద్దికా తన సెంటర్లో ఇది రెండుసార్లు చూసింది.

"తాళాలు వద్దండి. నోట్లో ఏమీ పెట్టకండి. అందరూ జరగండి, గాలి తగలనివ్వండి."

పిల్లని కింద పడుకోబెట్టి పక్కకి తిప్పింది. గౌను విప్పేసింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

ఎవరో బకెట్‌తో నీళ్ళు తెచ్చి ముందు పెట్టారు.

సిద్దికా ఒక్క క్షణం ఆగింది.

తర్వాత రెండు చేతులూ ముంచింది.

మెడ, చంకలు, వీపు తుడుస్తూనే ఉంది. కొంగు తడిపి పిండి మళ్ళీ తడిపింది. ఎంతసేపో ఎవరూ లెక్క చూడలేదు. చివరికి పిల్ల ఒళ్ళు సడలింది. సన్నగా ఏడ్చింది.

ఆఫీసు జీపులో అమ్మమ్మనీ మనవరాలినీ ఆసుపత్రికి పంపించారు.

వరస మళ్ళీ కుదిరింది. సిద్దికా వంతు వచ్చింది.

సంజీవరావు సర్టిఫికెట్ చదివాడు. చెయ్యి చూపించమన్నాడు.

తడి ఆరని మణికట్టు మీద ఏమీ లేదు.

ఆయన చేతికేసి చూశాడు, మొహంకేసి చూశాడు. ఫైలు తిప్పాడు. మూణ్ణెల్ల ట్రైనింగులో ఆమెదే మొదటి స్థానమని అందులో ఉంది. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"వయసుతోపాటు మచ్చ పోయిందని రాస్తానమ్మా. ఒక్కోసారి అలా జరుగుతుంది."

పెన్ను తీశాడు.

ఊరుకుంటే అయిపోతుంది. ఊరుకుందామనే అనుకుంది కూడా.

"పోయింది మచ్చ కాదండి," అంది సిద్దికా. "మా అక్క."

ఆయన పెన్నుకి మూత పెట్టాడు. ఆ మాట విన్నాక తనింక ఏమీ రాయలేనన్నాడు. ఇప్పుడే రాజీనామా రాసిస్తే కేసు లేకుండా చూస్తానన్నాడు.

ఆమె అక్కడే కూర్చుని రాసింది. రికార్డులో ఉన్న పేరే పెట్టమంటే, నజీరా అని సంతకం పెట్టింది.

రేపు సెంటర్ ఎవరు తెరుస్తారని అడిగింది. పిల్లలు ఇరవై నాలుగు మంది ఉన్నారని చెప్పింది. చూస్తామన్నాడాయన, తలెత్తకుండా.

సాయంత్రం బస్టాండులో ఉంటే కోటిరత్నం వెతుక్కుంటూ వచ్చింది. భుజం మీద పిల్ల నిద్రపోతోంది. జ్వరం దిగింది, ఫరవాలేదన్నారట డాక్టరు.

"కంగార్లో అడగనే లేదమ్మా. నీ పేరేంటి?"

"సిద్దికా."

అప్పుడే బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. కోటిరత్నానికి వినబడలేదు. ఏమన్నావని చెవి దగ్గరికి తెచ్చింది.

ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి కొంచెం గట్టిగా.