సైదాబీ వంతు గుడ్డ

“ఏమే సైదా! ఆ పొయ్యి ముందు నుంచి లేస్తావా, నన్నే లేచి రమ్మంటావా?”

వసారాలో నులకమంచం మీద నుంచి అత్త హజ్రా బీ కేకేసింది. సైదాబీ అప్పుడే పెరట్లో మూడు రాళ్ళు పేర్చి, పెద్ద కుండలో మోదుగపూలు పోసి, కింద మంట అంటించింది. అత్త లేచి రాగల మనిషి కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా సైదాబీయే లేచింది.

“ఏంది అత్తా?”

“మంచినీళ్ళు.”

“చెంబు నీ తలకాడే ఉందిగా!”

“అయి వేడెక్కినయ్యే. కుండలోయి తే.”

తెచ్చిచ్చింది. అత్త ఒక గుక్క తాగి చెంబు పక్కన పెట్టి, లోకంలోని కష్టాలన్నీ మొదలుపెట్టింది. కిరసనాయిలు దొరకదు, చక్కెర దొరకదు, ఆ మాయదారి యుద్ధం తెమలదు, మొన్న పైవీధిలో మస్తాను పోతే కంట్రోలు కొట్లో తెల్లగుడ్డ లేక పాత దుప్పట్లో చుట్టి గోరీలకు మోశారంట. సైదాబీ ఊఁ కొట్టింది గాని ఒక్క మాటా చెవిన వేసుకోలేదు. ఆమె ప్రాణమంతా పెరట్లో కుండ మీదే ఉంది.

ఉండదా మరి! ఆమె కట్టుకునే చీరలు ఏ రంగువో ఆమెకే గుర్తులేనంతగా వెలిసిపోయాయి. కొత్తగుడ్డ ఇంటికి రావడమే గగనం, వస్తే పిల్లల గౌన్లకో మగడి చొక్కాకో పోయేది. “ఈసారి నీ వంతు” అని నిరుడు మగడు హబీబు చీరకు సరిపడా తెల్లమల్లు తెచ్చిచ్చాడు. మోదుగలు పూసేది ఏడాదికోసారి. నిరుడు కాన్పుతోనే ఆ కాలం దాటిపోయింది. ఈ ఏడు గురజాల చుట్టుపక్కల చెట్లన్నీ అప్పుడే పూలు రాల్చేస్తున్నాయి. ఇవాళ కాకపోతే, మళ్ళీ పూసేనాటికి ఆ గుడ్డ ఆమె వంతున మిగులుతుందని నమ్మకం లేదు. అందుకే రంగు బాగా పట్టాలని నిన్న పటిక నీళ్ళలో నానబెట్టి ఆరేసింది. దండెం మీద ఆరిన ఆ గుడ్డను అత్త చాలాసేపు చూసింది.

పెరట్లోకి వెళ్ళేసరికి మంట ఆరిపోయింది. ఊదీ ఊదీ రాజేసింది.

“సైదా! చంటిది ఏడుస్తంది!”

“ఉయ్యాల తాడు నీ చేతికాడే ఉంది. ఒక్క ఊపు ఊపు అత్తా!”

“నా చెయ్యి లేవదే!”

వచ్చి పాలిచ్చి పడుకోబెట్టింది. పొయ్యి దగ్గర కూర్చుందో లేదో, “సైదా! మేక తాడు తెంపుకుంది!” అన్న కేక. పరుగెత్తి వస్తే మేక కట్టుగొయ్య దగ్గరే పడుకుని నెమరేస్తోంది. సైదాబీకి ఒళ్ళు మండిపోయింది.

“నేను రంగేసుకుంటే నీకేం నొప్పి అత్తా? పొద్దుటి నుంచి ఊపిరి సలపనియ్యకుండా తిప్పుతున్నావు!”

“తెల్లగా ఉంటే ఏం పోయింది? మల్లెపువ్వల్లే ఉంది. రంగు నాలుగు ఉతుకులకే పోద్ది. తెలుపైతే ఎప్పటికన్నా అక్కరకొస్తది.”

“ఎవరి అక్కరకి?”

అత్త నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. గోడవైపు తిరిగి పడుకుంది.

సైదాబీ విసురుగా పెరట్లోకి పోయింది. పూలు ఉడికి నీళ్ళు చిక్కబడ్డాయి. వడకట్టి, గుడ్డ ముంచబోతూ వసారా వైపు చూసింది. కేక రాలేదు. ముంచింది. ఇప్పుడు పిలుస్తుంది చూడు, అనుకుంది. పిలవలేదు. చంటిది కూడా లేవలేదు. ‘పోన్లే, ముసలిదాని మనసు కరిగినట్టుంది’ అనుకుంది. అత్త మీద ఆమెకు జాలి కూడా కలిగింది.

ఎన్నాళ్ళకు దొరికింది ఆ తీరిక! ఆదరాబాదరా లేకుండా గుడ్డను మడత మడతకీ తిప్పుతూ ముంచింది, తీసింది, మళ్ళీ ముంచింది. ఎక్కడా మచ్చ లేకుండా మోదుగరంగు పట్టుకుంది. మోచేతులదాకా తన చేతులు కూడా అదే రంగయితే వాటిని చూసుకుని చిన్నపిల్లలా నవ్వుకుంది. దండెం మీద ఆరేసి, తడిచేతులతోనే వసారాలోకి పరుగెత్తింది.

“అత్తా, ఒక్కసారి ఇటు తిరిగి చూడు, ఎట్టా వచ్చిందో!”

అత్త తిరగలేదు. సైదాబీ ఆమె పాదం పట్టుకుని కదిపింది. చల్లగా తగిలింది.

సాయంత్రానికి హబీబు దూదేకే విల్లు భుజాన వేసుకుని మాచవరం నుంచి వచ్చాడు. వసారా నిండా జనం. తల్లి కాళ్ళ మీద పడి ఏడ్చాడు. సైదాబీ రెండు చేతులూ పైట కింద దాచుకుని గుంజ చాటున నిలబడింది.

వీధిలో ఎవరు పోయినా ముందుండి నడిపించే కరీముల్లా హబీబు భుజం తట్టాడు.

“లే అబ్బాయ్. ముందు గుడ్డ సంగతి చూడు. కొట్లో జానెడు తెల్లగుడ్డ లేదు, ఇప్పుడే పోయి అడిగొచ్చా. మస్తానుకైన గతి మీ అమ్మకు పట్టగూడదు.”

హబీబు కళ్ళు తుడుచుకున్నాడు.

“గుడ్డకి దిగులు లేదు మామా, ఇంట్లో మల్లు ఉంది. పొద్దున నేను బయల్దేరతా ఉంటే అమ్మ దగ్గరికి పిలిచి చెప్పింది. ‘కోడలి వంతు గుడ్డ, నాకిమ్మని ఏ నోటితో అడగనురా? అడగను గాని, నేను బతికుండంగా దానికి రంగు పడనియ్యను’ అంది.”