ఎవరూ రుచి చూడని ఉప్పు

“నోరు ఇంకొంచెం తెరవమ్మా” అన్నాడు డాక్టర్ బ్రూమన్, కొవ్వొత్తి దగ్గరికి జరుపుతూ.

ఉల్రికా తెరిచింది. చిగుళ్ల వెంట సన్నటి నల్లగీత. కిందటిసారి చూసినప్పుడు అది లేదు. డాక్టరు ఆమె చేతిని కాసేపు పట్టుకుని, ఆ వణుకు గమనించి, మెల్లగా దుప్పటి కిందికి చేర్చాడు. ఆమె భర్త ఈలియాస్‌ను కళ్లతోనే పక్కగదిలోకి పిలిచాడు.

పక్కగదే ప్రయోగశాల. కొలిమి, మెడ వంగిన గాజుబుడ్లు, అద్దాలపెట్టెలో త్రాసు, గోడకు ఉష్ణమాపకం. ఈలియాస్ మందులకొట్టు నడిపేది పొట్టకోసం. బతికేది ఈ గదికోసం.

“ఈ ఇంట్లో ఏదో విషం ఆవిడ ఒంట్లోకి పోతోందయ్యా. అది ఆగకపోతే, సరస్సు మీద మంచు కరిగేదాకా కూడా ఉండదు.”

ఈలియాస్ తల అడ్డంగా ఊపాడు. “బావినీళ్లు పరీక్షించాను. రొట్టెపిండి, ఉప్పుచేపలు, వంటగిన్నెల కళాయి, అన్నీ చూశాను. ఎందులోనూ ఏమీ లేదు.”

“ఈ పొగలేమో?”

“పొగంతా పీల్చేది నేను కదండీ! మరి నాకేం కాలేదే?”

“అదే నాకూ అంతుపట్టదు. పీల్చడమేమిటి, తయారుచేసిన ప్రతిదీ నాలుక మీద వేసుకుంటావు. ఈపాటికి నీ సమాధి మీద గడ్డి మొలవాలి. చూడబోతే గుర్రంలా గట్టిగా ఉన్నావు.”

అదీ నిజమే. త్రాసు బరువు చెబుతుంది, ఉష్ణమాపకం వేడి చెబుతుంది; కొత్త పదార్థం గుణం చెప్పేది మాత్రం నాలుకేనని ఈలియాస్ నమ్మకం. రుచి రాయకుండా వివరాలు పంపితే స్టాక్‌హోమ్ పండితులు పక్కన పడేస్తారు. పెళ్లయిన కొత్తలో ఉల్రికా ఏడ్చేది, గిన్నె లాక్కునేది. “మీ నాలుక కోసి ఆ త్రాసులో పెడతాను” అనేది. రెండేళ్లుగా ఆ గొడవే లేదు. అలవాటు పడిందిలే అని లోలోపల సంతోషించాడు. ఇప్పుడు రాత్రి భోజనాల దగ్గర చేపముళ్లు ఏరుతూ, “రేపు దేని రుచి చూస్తారు?” అని అడుగుతుంది, అంతే. ఇంత నీరసంలోనూ అతడికంటే ముందే లేచి, గోడ పట్టుకుని నడుస్తూ ఈ గది తుడిచిపెడుతుంది.

కాకపోతే, అప్పుడప్పుడు గిన్నెలు జారవిడుస్తుంది. వారాల కష్టం నేలపాలు.

“చెయ్యి జారిందండీ.”

“జారడానికి నీకు నా గిన్నెలే దొరుకుతాయా?” అని కసిరాడు ఓసారి. ఆ మాట గుర్తొచ్చి ఇప్పుడు తనను తానే తిట్టుకున్నాడు.

“ముందు ఆవిణ్ణి ఈ ఇంట్లోంచి పంపెయ్యి” అంటూ డాక్టరు టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఈలియాస్ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. “మీ అక్కయ్యగారి ఊరికి బండి మాట్లాడతాను. రేపే బయల్దేరదాం.”

“మీరూ అక్కడే ఉంటారా?”

“నిన్ను దింపి వచ్చేస్తాను.”

“అయితే నేను వెళ్లను.”

“ఇదేం మొండితనం, ఉల్రికా?”

“మిమ్మల్నొక్కరినీ ఈ గిన్నెల దగ్గర వదిలిపెట్టి నేనక్కడ నిద్రపోగలనా?”

ఈలియాస్ ఆమె దుప్పటి సర్దాడు. “సరే. కొలిమి ఆర్పేస్తాను. నువ్వు కోలుకునేదాకా నేనూ అక్కడే ఉంటాను. ఒక్క పని మిగిలింది, అది కానివ్వు.”

కిటికీ దగ్గర ఆరబెట్టిన గిన్నె తెచ్చాడు. నిన్న సాయంత్రం వడగట్టిన నీరు తెల్లారేసరికి పలుకులు కట్టింది. ఇలాంటి ఉప్పు ఇంతకుముందు ఎవరూ చేయలేదు. దీని రుచి ఈ భూమ్మీద ఏ నాలుకకూ తెలియదు. అది ఒక్కటీ రాసేస్తే, ఇక తలుపు మూసేయవచ్చు.

వేలు తడిచేసి అద్దాడు. నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. జీవితంలో మొదటిసారి భయం వేసింది. తనకేమైనా అయితే, రేపు ఈమెను బండి ఎక్కించేదెవరు?

ఉల్రికా దిండు మీంచి తల తిప్పి చూసింది. అతడు ఆగిపోవడం చూసి, చిన్నపిల్లాడికి ధైర్యం చెప్పినట్టు నవ్వింది.

“తియ్యగానే ఉంది.”