ఒక్క లేబుల్

"ఒక్క లేబుల్ ఇవ్వండి చాలు, అంటోందక్కా!" అన్నాడు టాక్సీ డ్రైవరు, తన వెంట వచ్చిన విదేశీ ముసలావిడను చూపిస్తూ.

తాళం పడిన చొక్కాల ఫ్యాక్టరీ గేటు ముందు బైఠాయించిన ఆడవాళ్ళంతా ఒక్కసారిగా తలలెత్తారు.

లేబులా? ఎంత ధైర్యం!

లీడరక్కకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టిన మనిషి. ఇప్పుడు గేటు ముందు కూర్చున్న నాలుగు వందల మందికీ ఆమే పెద్దదిక్కు.

అక్కడ సూది విరిగితే తిట్టి ఊరుకునేవారు. లేబుల్ పోతే మాత్రం ఇంటికి పంపేసేవారు. చిరిగిన లేబులైనా సరే, స్టోరులో అప్పజెప్పాకే కొత్తది ఇచ్చేవారు. ఒక్కటి బయటికి పోయినా ఎక్కడో నాసిరకం చొక్కా మెడకెక్కి, పెద్ద షాపు పేరుతో అమ్ముడుపోతుంది. లేబుల్ అడిగేవాడు దొంగేనని చేరిన మొదటిరోజే అందరికీ నూరిపోశారు.

తాళం పడిన రోజు లీడరక్క చేతిలో రెండు వందల పన్నెండు లేబుళ్ళ రోల్ ఉండిపోయింది. దాన్ని గుడ్డలో మూటకట్టి ఇంట్లో దాచింది. స్టోరు తెరవగానే అప్పజెప్పాలని ఆమె పట్టుదల.

ఆ స్టోరు ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలీదు. చొక్కాలు కొనే డబ్బున్న దేశపు షాపు ఉన్నట్టుండి ఆర్డర్లు ఆపేసి చేతులు దులుపుకుంది. ఓనరు పత్తా లేకుండా పోయాడు. ఊళ్ళో మరో ఫ్యాక్టరీ లేదు.

ఆ ఉదయమే రేడియోలో దేశంలో నిరుద్యోగం తగ్గిందని చెప్పారు.

"వారంలో గంట పనిచేసినా ఉద్యోగస్తుల లెక్కేనట," అంది ఒకామె.

"అయితే నేను ఉద్యోగస్తురాలినే! నిన్న గంటసేపు పక్కింటివాళ్ళ కర్టెన్ కుట్టాను," అంది గుండీలు కుట్టే ఆవిడ.

అందరూ పగలబడి నవ్వారు.

సరిగ్గా అప్పుడు దిగింది ఈ ముసలావిడ.

"లేబుల్ దేనికట?" అని అడిగింది లీడరక్క.

"ఆ షాపు వీళ్ళ దేశానిదేనట. అక్కడి కోర్టులో మీ కోసం కేసు నడుస్తోందట. చొక్కాలు కుట్టించుకున్నవాళ్ళే మళ్ళీ మీకు పని చూపించాలని కేసు. షాపువాళ్ళేమో, అసలు ఇక్కడ కుట్టించనేలేదు పొమ్మంటున్నారట. లేబుల్ చూపిస్తే వాళ్ళ నోరు మూతపడుతుందంటోంది. గురువారమే విచారణట."

"పోయిన నెల ఒకడొచ్చి విలేకరినన్నాడు. తీరా చూస్తే నకిలీ చొక్కాలు కుట్టేవాడు. ఇంతకీ ఈవిణ్ణి ఎవరు పంపారట?"

"ఎవరూ పంపలేదట. తనే వచ్చిందట."

"ఇంత దూరం వచ్చిందంటే, ఈవిడకేంటి లాభం? ఆ ఊళ్ళో పనీపాటా లేదా అని అడుగు."

డ్రైవరు నీళ్ళు నమిలాడు. "ఆ మాట కూడా చెప్పమంటారా?"

"అక్షరం పొల్లుపోకుండా చెప్పు!"

చెప్పాడు. ముసలావిడ లీడరక్క వైపు కాసేపు అలాగే చూసింది. బతిమాలలేదు, కోప్పడలేదు. గేటు సందులోంచి లోపలి మిషన్ల వైపు ఒకసారి తొంగి చూసి, మెల్లగా వెళ్ళి టాక్సీ ఎక్కింది.

"దొంగ పోయింది," అంది లీడరక్క. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండు వారాల తర్వాత కార్మిక సంఘం వకీలమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళకు తెలిసిన మనిషి.

"అక్కా, ఇక్కడికి ఒక పెద్దావిడ వచ్చారా?"

"వచ్చింది. పొమ్మన్నాను," అంది లీడరక్క.

"కేసు వేసింది ఆవిడే. నాకూ నిన్ననే తెలిసింది. ఆ గురువారం కోర్టులో, మీ ఫ్యాక్టరీని తాను కళ్ళారా చూశానని చెప్పారట. రుజువేదన్నారు. చేతిలో ఏమీ లేదు. షాపు తరఫువాళ్ళు మొహం మీదే నవ్వారట. జడ్జి మాత్రం దయతలచి, రుజువు తేవడానికి నెల గడువిచ్చాడు."

లీడరక్క పరుగున ఇంటికెళ్ళి మూట తెచ్చింది.

"ఇది పోస్టులో పంపేది కాదు. నేనే వస్తా. ఏ కాలరు ఎలా కుట్టామో జడ్జి ముందే కుట్టి చూపిస్తా. ఇక్కడ కుట్టించలేదని అప్పుడు చెప్పమనండి! కానీ ముందు నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళండి. కాళ్ళ మీద పడతాను."

వకీలమ్మ తల దించుకుంది.

"ఆవిడ లేరక్కా. విచారణ అయిన నాలుగో రోజున పోయారు. గుండె బాగాలేదు, ప్రయాణం వద్దని డాక్టరు మొత్తుకున్నా వినకుండా ఇక్కడికి వచ్చారట."

లీడరక్క గేటుకు ఆనుకుని నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకుని, మూటను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నేను వెళ్ళడం మాత్రం ఖాయం. ఇంతకీ ఎవరండీ ఆవిడ? ఏమవుతామని మన కోసం అంత పాకులాడింది?"

"ఆవిడ కూడా ఆ షాపుకే ఇరవై రెండేళ్ళు చొక్కాలు కుట్టారక్కా. మీరైతే చవగ్గా కుడతారని, వాళ్ళు మొదట తాళం వేయించింది ఆవిడ ఫ్యాక్టరీకే."