వెనక్కి చూసే కొంగ

"ఇది మా అమ్మాయి గీసిన బొమ్మ!"

షాపు మధ్యలో వేలాడుతున్న నారబట్ట కర్టెన్‌ను రెండు చేతులా పట్టుకుని అరిచింది ముసలావిడ. కొత్త కొంగల డిజైన్ ఆ ఉదయమే అమ్మకానికి వచ్చింది. దానికోసం హెల్సింకీ నలుమూలల నుంచీ వచ్చిన జనం దిండు గలీబులూ, చేతిసంచులూ చంకన పెట్టుకుని చోద్యం చూస్తున్నారు.

ఆ డిజైన్ గీసిన సేన్యా గబగబా వచ్చి, ఆవిడను వెనకగదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. కాఫీ పోసి ముందుపెట్టింది.

"చూడండమ్మా, కొంగలదేముంది, ఎవరైనా గీస్తారు. మన దేశంలో కొంగల్ని చూడనివాళ్లెవరు?"

"నాలుగో వరసలో ఒకటి మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. అదీ ఎవరైనా గీస్తారా?"

అమ్మకానికి ముందే చూసిన పత్రికలవాళ్లు పనిగట్టుకుని మెచ్చుకున్నది ఆ కొంగనే.

"అన్నీ ముందుకు ఎగురుతుంటే దీనికేం వచ్చిందే అని అడిగాను. 'అమ్మ వస్తోందో లేదోనని చూసుకుంటోంది' అంది మా సైలా."

సేన్యా తల దించుకుంది.

"నిజమేనమ్మా. నేను గీయలేదు. పాత సామాన్ల సంతలో ఒక బొమ్మల పుస్తకం కొన్నాను. అందులోంచి దించేశాను. మీ అమ్మాయి పేరే వేయిస్తాను. తప్పు నాదని అందరి ముందూ చెప్తాను. ఆవిణ్ణి ఒక్కసారి రమ్మనండి, కాళ్లు పట్టుకుంటాను."

"పేరెవడిక్కావాలి తల్లీ! ఏ సంత? ఎవడమ్మాడు?"

"ఎవరో... గుర్తులేదు. ఎందుకు?"

ముసలావిడ కాఫీ కప్పు పక్కకు జరిపింది.

"ఇరవై రెండేళ్లయింది. ఆ పుస్తకం సంచిలో వేసుకుని ఈసల్మి వెళ్లే బస్సు కోసం రోడ్డు మీదకి వెళ్లింది. బస్సెక్కలేదు, ఇంటికీ రాలేదు. సరస్సులో వలలు వేసి గాలించారు. అడవంతా కుక్కలతో వెతికించారు. కాలి చెప్పు కూడా దొరకలేదు. పదిహేడేళ్ల పిల్ల." ఆవిడ సేన్యా చెయ్యి పట్టుకుంది. "బతికుందని నేననుకోవట్లేదమ్మా. చంపినవాడు ఎక్కడ పూడ్చాడో చెప్తే చాలు. ఆ ఎముకలు తెచ్చుకుని వాళ్ల నాన్న పక్కన పడుకోబెడతాను. ఆ పుస్తకం అమ్మినవాడికి తెలిసుంటుంది. కాస్త గుర్తుచేసుకో తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

గుర్తు రావట్లేదని సేన్యా మరొక్కసారి అంటే చాలు, ఈవిడ కళ్లు తుడుచుకుని బస్సెక్కి వెళ్లిపోతుంది. ఇక ఎవరూ ఏమీ అడగరు. బయట మైకులో ఎవరో ఆమె పేరు పిలుస్తున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు.

ఆమె లేచి తలుపు గడియ పెట్టింది. వచ్చి ముసలావిడ కాళ్ల దగ్గర నేలమీద కూలబడింది.

"సంతలో కొనలేదమ్మా. మా నాన్న పనిముట్ల పెట్టె అడుగున దొరికింది."