అన్న నింపిన గాలి

బోల్తాపడిన మిలిటరీ లారీ ట్యూబును ఓదెలు ఇంటికి తెచ్చి, నడుమ తాళ్లల్లి, తమ్ముడు సాయిలు నీళ్లమీద కూర్చుని చేపలు పట్టేలా చేశాడు.

"గాలి తగ్గితే నేనే వచ్చి కొడ్త. నువ్వు ముట్టకు" అని దళంలోకి వెళ్లిపోయాడు. అడవిలో కాల్పుల తర్వాత కబురు లేదు. ట్యూబు రోజురోజుకూ మెత్తబడింది.

ఈ రాత్రి అది గట్టిగా ఉంది.

"అవ్వా, అన్న వచ్చి పోయిండే!"

"ఇంటిదాక వచ్చినోడు నన్ను పిల్వకుంట పోతడారా?"

సాయిలు వినలేదు. అన్నకు చేపలు కావాలనుకుంటూ ట్యూబెక్కి చెరువు నడుమకు చేరాడు. అక్కడ ట్యూబు మూతి సన్నగా బుసకొట్టింది. ఈ గాలి పోతే అన్న రాలేదన్నట్టే. బొటనవేలితో గట్టిగా మూశాడు. చప్పుడు ఆగింది. కప్పల అరుపులూ ఆగాయి.

వేలి కింద గాలి మళ్లీ కదిలింది. బయటికి రాలేదు. ఊపిరి పీల్చుకుంటున్నట్టు, వేలిని మెల్లగా లోపలికి లాగింది.