జేబులో ఫ్యూజు

"టెస్టరు, మీటరు, రబ్బరు బూట్లు... ఇంకా ఏం కొనమన్నారే?" కాలేజీ పంపిన జాబితాను కంటికి దూరంగా పట్టుకుని అడిగింది అమ్మ.

"నేను వెళ్ళనన్నాను కదా," అంది అమ్మాయి. ఆ మాట కూడా గోడకు చెప్పినట్టే చెప్పింది.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో సీటు వచ్చి ఇరవై రోజులైంది. రేపటిలోగా చేరకపోతే అది పోతుంది. నాన్న పోయి రెండు నెలలైంది. ఒకప్పుడు ఈ పిల్ల నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఇప్పుడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటోంది. తినమంటే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఏడవమని చెప్పేవాళ్ళు లేరు గనక ఏడవడం లేదు.

నాన్న లైన్‌మన్. గాలివానకు తమ వీధి చివర తీగ తెగితే కలపడానికి స్తంభం ఎక్కాడు. మళ్ళీ తనంతట తాను దిగలేదు.

"కరెంటు ఆయన్ని పొట్టన పెట్టుకుందని భయమా?" అంది అమ్మ.

"భయం లేదు."

"మరి?"

"ఏమీ లేదు."

నిజంగానే ఆమెకు ఏమీ అనిపించడం లేదు.

గుమ్మం తగలకుండా తల వంచి లోపలికి వచ్చాడు పొడుగు బాబాయి. నాన్నతో పదిహేనేళ్ళు పనిచేసినవాడు. వీడికి నిచ్చెన దండగ అని నాన్న వేళాకోళం చేసేవాడు. ఇప్పుడు ఆఫీసులో ఉండిపోయిన నాన్న బూట్లు తుడిచి తెచ్చాడు.

"కొత్తవి కొనకండి వదినా. రెండేసి మేజోళ్ళు వేసుకుంటే అమ్మాయికి ఇవే సరిపోతాయి."

"ముందు అది వెళ్తే కదా! సరేగానీ, ఇవాళైనా చెప్పవయ్యా. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకే కదా ఎక్కారు ఆయన?"

"పీకకుండా అన్న ఎప్పుడైనా ఎక్కాడా? జేబులోనే ఉంది. దింపాక నేనే తీశాను."

"టెస్టరు పెట్టి చూశారా?"

"చూశాడు. కరెంటు లేదు. తీగ పట్టుకున్నాక వచ్చింది."

"వచ్చింది, వచ్చింది అంటారేగానీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కరూ చెప్పరు. ఫ్యూజు ఆయన జేబులో ఉంటే ఆకాశంలోంచి ఊడిపడిందా?"

బాబాయి తుడిచిన బూట్లనే మళ్ళీ తుడిచాడు.

"దీని మొండితనం చూడు," అమ్మ కూతురి మీదికి మళ్ళింది. "దరఖాస్తుకు ఆ గాలివాన రోజే ఆఖరు. కరెంటు లేదు, కంప్యూటర్ ఆడదు, ఇది ఒకటే గోల. కుట్టుమిషన్లకని అద్దెకు తెచ్చిన జనరేటర్ ఉందని సరిపోయింది! మెయిన్ స్విచ్ జోలికి వెళ్ళొద్దని ఆయన పెళ్ళయిన నాటి నుంచీ మొత్తుకునేవారుగా, దాని వంకైనా చూడకుండా ఇల్లంతా వెలిగించాను. వచ్చాక ఆయన దగ్గర గొప్పలు పోదామనుకున్నాను. అంత చేసి దరఖాస్తు పెట్టిస్తే, ఇప్పుడు వెళ్ళదట!"

అమ్మాయి లేచి పెరట్లోకి వెళ్ళింది. ఒక సంచి తెచ్చి బాబాయి ముందు పెట్టింది.

"పాత సామానుతో పాటు ఇది కూడా పారేయి బాబాయ్."

"అదా! రెండు కొసలకీ ప్లగ్గులున్న వైరు," అంది అమ్మ. "ఆ రోజు ఒకటి జనరేటర్‌కీ, ఒకటి గోడ సాకెట్‌కీ పెట్టాను. ఎలుకలు కొరికేశాయట."

బాబాయి సంచిలోకి చూశాడు. వైరు జానెడేసి ముక్కలుగా, కొసలు తిన్నగా తెగి ఉంది. ఎలుకల గురించి అతనేమీ అడగలేదు. సంచి మూతి ముడివేసి తన పక్కన పెట్టుకున్నాడు.

"సరే, నువ్వు వెళ్ళొద్దు," అంది అమ్మ హఠాత్తుగా. "రేపు నేనే ఆఫీసుకు వెళ్తాను. ఎంతమంది ఇంజనీర్లుంటే అంతమందినీ అడుగుతాను. ఒకడు కాకపోతే ఒకడు చెబుతాడు."

అమ్మాయి తల ఎత్తింది. "వద్దమ్మా."

"ఎందుకొద్దు? నాకు తెలియాలి. ఎవడి తప్పో తెలిస్తే వాణ్ణి జన్మలో వదలను."

అమ్మాయి బాబాయి వంక చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఆమె వెళ్ళి నాన్న బూట్లలో కాళ్ళు పెట్టింది. వదులుగానే ఉన్నాయి.

"నేను చేరతాను. చదువుకుని నేనే చెబుతాను. అప్పటిదాకా ఇంకెవర్నీ అడగకు."

"ఒట్టేనా?"

"ఒట్టు. నువ్వు కూడా వెయ్యి."

అమ్మ కూతురి చేతిలో చెయ్యి వేసింది. "ఎన్నాళ్ళు పడుతుందే?"

"నాలుగేళ్ళు."

"ఇంత చిన్న సంగతికి నాలుగేళ్ళా?"

"కష్టమైన పాఠమమ్మా."

"పోనీలే. తెలిస్తే చాలు." రెండు నెలల తర్వాత అమ్మ ముఖం కాస్త తేటపడింది. మేజోళ్ళు వెతకడానికి లోపలికి వెళ్ళింది. బాబాయి సంచి తీసుకుని, మళ్ళీ తల వంచి బయటికి నడిచాడు.

అమ్మాయి కిటికీ దగ్గర నిలబడింది. ఇంటి గోడ నుంచి వీధి చివరి స్తంభం దాకా మళ్ళీ కలిపిన తీగ కనిపిస్తోంది.

ఆ రోజు ఆ తీగలోకి కరెంటు వెళ్ళింది ఈ ఇంట్లోంచే.